తెర మీద ఎర్రర్‌ని చంపకండి, దాని ఊరూ పేరూ చెప్పించండి

మా గోదావరి డెల్టాలో రైసు మిల్లులకీ, కొబ్బరి కొట్లకీ, రొయ్యల షెడ్లకీ బిల్లింగు ప్రోగ్రాములు రాసిచ్చే సాఫ్ట్‌వేర్ మిత్రులకు,

నమస్కారమండి. నేను పాలకొల్లులో కంప్యూటర్ సర్వీసు చేసుకుంటాను. ప్రింటరు హెడ్డు తుడవడం దగ్గర్నుంచి పోయిన డేటా వెనక్కి లాగడం దాకా అన్నీ నా పనే. మీ ప్రోగ్రాములు మీకంటే ఎక్కువసేపు చూసేది నేనూ, గుమాస్తాలూను. మీరు అమ్మిన రోజున ఒకసారి చూస్తారు, తర్వాత ఎవరైనా గోల పెడితే ఫోన్లోంచి ఇంకోసారి. మాకు రోజూ అదే తెర. ఆ చనువుతోనే ఈ ఉత్తరం. ఏ కంపెనీ పేరూ రాయడం లేదు. చదువుతుంటే ఎవరిది వాళ్ళకే తెలిసిపోతుంది.

2025 దాళ్వా, అంటే రబీ పంట, ఏప్రిల్ నెలాఖరు. రాత్రి తొమ్మిదిన్నరకి ఒక మిల్లు నుంచి గుమాస్తాగారు ఫోను చేశారు. "అమ్మా, కొనుగోలు రిజిస్టరు తెరుస్తుంటే ఎర్రర్ కొడతందమ్మా. బయట పదకొండు ట్రాక్టర్లు ఆగిపోయున్నాయి. పైన మబ్బేసింది. ఒక్కసారి రావాలమ్మా, ఆయ్."

వెళ్ళాను. తెర మధ్యలో బూడిదరంగు చిన్న పెట్టె. రన్‌టైమ్ ఎర్రర్ 13, టైప్ మిస్‌మ్యాచ్. కింద ఓకే అని ఒక బటన్. అది నొక్కితే ప్రోగ్రామే మూసుకుపోతుంది. మళ్ళీ తెరిస్తే మళ్ళీ అదే పెట్టె. యజమానిగారు అప్పటికే మూడుసార్లు రీస్టార్ట్ చేసి, నాలుగోసారి ప్లగ్గే పీకేశారట.

ఆ పెట్టె చెబుతున్నది ఒక్కటే: అంకె ఉండాల్సిన చోట అంకె కానిదేదో ఉంది. ఏ రైతు ఎంట్రీలో? బస్తాల గడిలోనా, తేమ గడిలోనా, ధర గడిలోనా? ఆ గడిలో అసలేముంది? ఏదీ చెప్పదు. ఆ సీజనుకి ఎంట్రీలు 1,842.

ముందు డేటా ఫైలు కాపీ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకున్నాను. ఇలాంటప్పుడు అసలు ఫైలు మీద చెయ్యి వేసి, ఉన్నది కూడా పోగొట్టుకున్నవాళ్ళని చాలామందిని చూశాను. కాపీలో మొదటి సగం ఉంచి రిజిస్టరు తెరిచాను. తెరుచుకుంది. అయితే దొంగ రెండో సగంలో ఉన్నాడు. దాన్ని మళ్ళీ సగం చేశాను. 1,842లో సగం 921, అందులో సగం 460 పైచిలుకు. ఇలా పదకొండుసార్లు కోస్తే ఒక్క ఎంట్రీ మిగులుతుంది. ఒక్కో కోతకీ ఫైలు సిద్ధం చేసుకుని, ప్రోగ్రాము తెరిచి, చూసి, మూసి, మొత్తం రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ గుమాస్తాగారు నా వెనకే నిలబడి ఉన్నారు, కూర్చోమంటే కూర్చోరు.

చివరికి మిగిలిన ఎంట్రీలో తప్పేమీ కనబడలేదు. రైతు పేరు బాగుంది, రకం 1121, బస్తాలు 112. ఐదు నిమిషాలు దాన్నే చూస్తూ కూర్చున్నాను. అప్పుడు ఆ 112ని నోట్‌ప్యాడ్‌లోకి తీసుకుని అక్షరాలు పెద్దవి చేస్తే తెలిసింది. మొదటిది ఒకటి కాదు. ఇంగ్లీషు చిన్న బడి ఎల్.

గుమాస్తాగారికి చూపిస్తే తలపట్టుకున్నారు. "నేను తణుకులో టైపు లోయర్ పాసయ్యానమ్మా. మా టైపు మిషనుకి ఒకటి మీట ఉండేది కాదు. చిన్న ఎల్లే మాకు ఒకటి." నిజమే, పాత టైపు మిషన్లు చాలావాటికి ఒకటి అంకె మీట విడిగా ఉండేది కాదు. మరి ఇన్నేళ్ళూ ఈ బాధ ఎందుకు రాలేదంటారా? పాత సిస్టం కీబోర్డుకి కుడిపక్క అంకెల మీటలు వేరుగా ఉండేవి, ఆయన చెయ్యి వాటి మీదే ఆడేది. ముందు వారం పిడుగు పడి ఆ సిస్టం కాలిపోయింది. కొత్తగా కొన్న ల్యాప్‌టాప్‌కి ఆ పక్క మీటలు లేవు. అరవై దాటిన వేళ్ళు నలభై ఏళ్ళ నాటి ఇన్‌స్టిట్యూట్ పాఠానికి వెళ్ళిపోయాయి.

తప్పు ఆయనదే అంటారేమో. ఆయన ఆ ఎంట్రీ పొద్దున్న పదకొండింటికి కొట్టారు. మీ ఎంట్రీ తెర దాన్ని కిమ్మనకుండా తీసుకుని, సేవ్ అయిందని ఆకుపచ్చ రంగులో చెప్పింది కూడా. బస్తాల గడిలో అక్షరం పడితే ఒప్పుకోనని ఆ క్షణంలోనే అని ఉంటే, ఆయన నవ్వుకుని దిద్దుకునేవారు. మీరు బస్తాల గడిని డేటాబేసులో అంకెగా కాక అక్షరాలుగా పెట్టారు కాబట్టి ఏదైనా పట్టేసింది. రాత్రి ఇంకో తెర మొత్తం కూడబోయేసరికి అక్కడ బద్దలైంది. మా శివారు చేలకి నీరందకపోతే ఆ చేలో గుంట తవ్వి చూడం. కాలవ గట్టు పట్టుకుని పైకి నడుస్తాం, ఏ లాకు దగ్గర గుర్రపుడెక్క అడ్డుపడిందా అని. తెర మీద ఎర్రరూ అంతే, అది శివారు. అడ్డుపడింది ఎక్కడో పైన, ఎప్పుడో ముందు.

ఇంతవరకూ అయితే ఉత్తరం రాసేదాన్ని కాదు. ఇలాంటివి మాకు మామూలే. అసలు బాధ వారం తర్వాత మొదలైంది.

మీలో ఒకరు ఫోన్లోంచే ఆ మిల్లు సిస్టంలోకి వచ్చి ప్రోగ్రాము సరిచేశారు. ఇక ఎర్రర్ రాలేదు. "చూశావా అమ్మాయ్, ఆ కుర్రాడు రెండు నిమిషాల్లో తేల్చేశాడు, నువ్వు రెండు గంటలు కూర్చున్నావు" అని యజమానిగారు ఫోన్లో ఎత్తిపొడిచారు. నేనూ ఏదో గట్టి పనే చేసుంటారనుకున్నాను.

ఏం చేశారో తర్వాత కనుక్కున్నాను. మీ ప్రోగ్రాము రాసిన పాత భాష విజువల్ బేసిక్, అదే వీబీ 6లో, అక్షరాల్ని అంకెగా మార్చడానికి సీడబుల్ అని ఒకటుంది, వాల్ అని ఒకటుంది. సీడబుల్‌కి అంకె కానిది తగిలితే అక్కడే ఆగి ఎర్రర్ 13 అంటుంది. మొండిదే, కానీ అబద్ధం ఆడదు. వాల్ మహా సర్దుబాటు మనిషి. ఎడమ నుంచి చదువుకుంటూ పోయి, అర్థం కాని గుర్తు కనబడగానే అప్పటిదాకా చదివింది చాల్లే అని ఊరుకుంటుంది. ఏమీ చదవలేకపోతే సున్నా అంటుంది. మీరు సీడబుల్ ఉన్నచోటల్లా వాల్ పెట్టేశారు. అంతే మీ రెండు నిమిషాల వైద్యం.

ఇప్పుడు ఎల్‌తో మొదలైన 112 ఎంతవుతుంది? సున్నా. సున్నా మీట బదులు ఓ అక్షరం పడిన 40? నాలుగు. కామా సంగతి ఇంకా బాగుంటుంది. కాటా చీటీ చూసి 12,450 అని కామాతో కొడితే సీడబుల్ దాన్ని పన్నెండు వేల నాలుగు వందల యాభై అనే తీసుకునేది. వాల్‌కి కామా తెలీదు. పన్నెండు దగ్గర ఆగిపోతుంది. అంటే వైద్యానికి ముందు సరిగ్గా ఉన్నది కూడా వైద్యం తర్వాత చెడింది. పన్నెండున్నర టన్నుల లారీ పన్నెండు కిలోల లారీ అయిపోయింది.

పన్నెండు కిలోల లారీని ఎవరైనా పట్టేస్తారు. మిల్లులో అందరూ నవ్వుకున్నారు, దిద్దుకున్నారు. నాలుగు బస్తాల రైతుని ఎవరు పడతారండి? నాలుగు బస్తాలు తోలుకొచ్చేవాళ్ళు కూడా ఉంటారు కదా అనుకుంటారు. ఒక కౌలురైతు నలభై బస్తాలు తోలితే బిల్లు నాలుగు బస్తాలకే వచ్చింది. ముప్పై ఆరు బస్తాలు, బస్తా 75 కిలోల లెక్కన 27 క్వింటాళ్ళు. ఆ ఏడు మామూలు రకం ధాన్యానికి మద్దతు ధర క్వింటాలుకి 2,300, ఆ లెక్కన 62,100 రూపాయలు. ఆయన మీ తెర చూడలేదు, చూసినా తెలీదు. చొక్కా జేబులో నాలుగు మడతలు పెట్టిన చేతిరాత చీటీ ఒకటి ఉంది. గుమాస్తాగారు కళ్ళం దగ్గరే రాసిచ్చింది. చెమటకి సిరా అలుక్కుపోయినా 40 మాత్రం కనబడుతోంది. ఆ చీటీ బల్ల మీద పెట్టి, ఏమీ అనకుండా నిలబడ్డారు. గుమాస్తాగారు చీటీ చూసి, తెర చూసి, "ఇది నా చేతిరాతేనండి, తెరే తప్పండి" అన్నారు. అలా తేలింది.

ఆ రోజు ఎర్రర్ వచ్చుంటే ఎంత బాగుండేదో నాకు.

వాల్ ఒక్కటే కాదు. ఆన్ ఎర్రర్ రెజ్యూమ్ నెక్స్ట్ అని ఒక వరస రాసి పడేస్తారు, తప్పొస్తే చూసీచూడనట్టు తర్వాతి వరసకి పొమ్మని. పాలకొల్లు చుట్టుపక్కల నేను విప్పి చూసిన ప్రోగ్రాముల్లో అది లేనిది తక్కువ. అంకెగా మార్చడం కుదరకపోతే, ఆ అంకె దాచుకోవడానికి ప్రోగ్రాములో పెట్టుకున్న డబ్బాలో కొత్త విలువ పడదు, పాతదే ఉండిపోతుంది. అంటే ముందు రైతు బస్తాలు వెనక రైతు పేరు మీద తెరకెక్కుతాయి. చూడ్డానికి చక్కటి అంకె, ఎవరికీ అనుమానం రాదు. సున్నాకన్నా ఇది ఇంకా పాడు.

ఈ ఊరు రాకముందు నాలుగేళ్ళు హైదరాబాదులో ఏఎస్ 400 దగ్గర రాత్రి డ్యూటీ చేశాను. ఐబీఎం వాళ్ళు 1988లో తెచ్చిన యంత్రం. నల్ల తెర, ఆకుపచ్చ అక్షరాలు. మీలో కుర్రాళ్ళు దాని ఫొటో చూసి నవ్వుతారు. అందులో లెక్కల అంకెల్ని ఒక్కో బైటులో రెండేసి కుక్కి, చివరి అరబైటులో కూడికా తీసివేతా గుర్తు పెట్టేవారు. ఎవరైనా ఆ గడిని ముందుగా సున్నాతో నింపడం మర్చిపోతే అందులో ఖాళీలు ఉండేవి. ఖాళీకి కూడా ఒక కోడ్ ఉంటుంది, దాని చివర కూడిక తీసివేత గుర్తు ఉండదు. ఇది అంకె కాదు పొమ్మని యంత్రం డెసిమల్ డేటా ఎర్రర్ ఇచ్చి నిలబడిపోయేది. ఖాళీ వేరు, సున్నా వేరు అని నాకు తెలిసింది అక్కడే. తూకం వేయలేదనడమూ, తూకం సున్నా వచ్చిందనడమూ ఒకటి కాదు కదండీ.

ఇంకో తమాషా ఉండేది. వేరే సిస్టం నుంచి తెచ్చిన ఫైల్లో పేర్ల మధ్య చెత్త కోడ్‌లు కలిసి వస్తే, ఆ టెర్మినల్ వాటిని అక్షరాలనుకోదు. రంగు మార్చు, గీత గియ్యి, ఫలానా చోటికి పో అనే ఆజ్ఞలనుకుంటుంది. పేరు చూపించబోయి తెర బిగుసుకుపోయేది. తెర పాడైందని కొత్త తెర తెప్పించిన మేనేజర్లున్నారు. తెరకేం కాలేదు, పేరులో ఉంది జబ్బు. అయినా ఆ ముసలి యంత్రం ఒక మంచి పని చేసేది. ఏ ప్రోగ్రాములో ఏ వరస దగ్గర ఆగిందో లాగ్‌లో రాసిపెట్టేది. ముప్పై ఏళ్ళ తర్వాత రాసిన మీ ప్రోగ్రాము ఆ పాటి కూడా చెప్పదు.

పేర్ల మాట వచ్చింది కాబట్టి తెలుగు గురించి కూడా చెబుతాను. సత్యనారాయణ అనే పేరు లేని వీధి మా దగ్గర ఉండదు. చూడ్డానికి ఆరక్షరాలు. అన్ని భాషల అక్షరాలకీ నంబర్లిచ్చే యూనికోడ్‌లో ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కపెడితే పది. వాటిని ఫైల్లో దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కోదానికి మూడు బైట్లు, మొత్తం ముప్పై. మీరు ఇంగ్లీషు పేర్లు చూసి పేరు గడికి ఇరవై బైట్లు ఇచ్చారు. సత్యనా దాకా పద్దెనిమిది సరిపోయాయి, మిగిలిన రెండు బైట్లలో రా సగానికి తెగిపోయింది. అక్కడ నల్ల డైమండులో తెల్ల ప్రశ్నార్థకం వస్తుంది. బిల్లు మీద "సత్యనా" పక్కన ఆ గుర్తు చూసి, నా పేరు ఎందుకు కొట్టేశారని ఒక పెద్దాయన షావుకారితో గొడవ పెట్టుకున్నారు. పాత వీబీ తెరల్లో అయితే ఆ మాత్రం కూడా కాదు, పేరంతా పది ప్రశ్నార్థకాలే. వరసగా ప్రశ్నార్థకాలుగా సేవ్ అయిపోయిన పేరు ఇక వెనక్కి రాదు. పైన గీతలున్న ఇంగ్లీషు అక్షరాలూ, డిగ్రీ గుర్తులూ కలిసిన పిచ్చి గీతల్లా కనబడితే మాత్రం కంగారు పడక్కర్లేదు. బైట్లు బాగానే ఉంటాయి, చదివేవాడు తప్పుగా చదువుతున్నాడు. చదివే పద్ధతి మారిస్తే పేరు వచ్చేస్తుంది. ఈ తేడా తెలీక, బాగుపడే డేటాని కూడా తుడిపించి మొదట్నుంచి కొట్టించిన మహానుభావులు మీలో ఉన్నారు.

2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. మీ జిల్లా గడి కూడా ఇరవయ్యే. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ అని ఇంగ్లీషులో చుక్కలతో సహా కొడితే ఇరవై ఏడు వస్తుంది. అమలాపురం కొట్లలో ఇప్పటికీ బిల్లుల మీద జిల్లా పేరు "కో" దగ్గర ఆగిపోతోంది.

తేదీల గురించి ఒక మాట. ఒక్క సిస్టంలోనే ఎర్రర్ వచ్చి పక్క సిస్టంలో రాకపోతే, నేను ప్రోగ్రాము జోలికి పోకుండా ముందు విండోస్ తేదీ సెట్టింగు చూస్తాను. అమెరికా పద్ధతిలో నెల ముందు, రోజు వెనక ఉంటుంది. కొన్ని ప్రోగ్రాములు 12వ తేదీ దాకా నోరుమూసుకుని 13న ఎర్రర్ ఇస్తాయి, పదమూడో నెల లేదు కాబట్టి. పాత వీబీ అదీ ఇవ్వదు. 13 నెల కాదులే అని తనే తిప్పేసుకుంటుంది, 12 దాకా మాత్రం తిప్పదు. ఏప్రిల్ 5 ఎంట్రీలు మే 4లోకీ, ఏప్రిల్ 13 ఎంట్రీలు ఏప్రిల్ 13లోకీ పోతాయి. నెలాఖరు లెక్క కుదరక గుమాస్తాలు రాత్రుళ్ళు కూర్చునేది ఇందుకే. ఇక తేదీ ఖాళీగా వదిలేస్తే 30-12-1899 చూపించే ప్రోగ్రాములున్నాయి. తేదీలు దాచుకోవడంలో దానికి సున్నా రోజు అది. ఒక కొబ్బరి కొట్టులో అంబాజీపేట లోడు ఆ తేదీనే బయల్దేరినట్టు వే బిల్లు వచ్చింది. ధవళేశ్వరం ఆనకట్ట 1852కే పూర్తయింది కాబట్టి పడవలో వేశారేమోలెండి.

ఎక్సెల్ నుంచి డేటా ఎక్కించేవాళ్ళకి కూడా ఇది తప్పదు. సర్వే నంబరు 5/2 అని కొడితే ఎక్సెల్ దాన్ని ఫిబ్రవరి 5 చేసేస్తుంది. బ్యాంకు ఖాతా నంబరు పదిహేను అంకెలు దాటితే పదహారో అంకె నుంచి సున్నాలు పెడుతుంది. ముందున్న సున్నాలు మింగేస్తుంది. కొట్టకముందే ఆ కాలమ్‌ని టెక్స్ట్ చేసుకోవాలి, తర్వాత చేస్తే లాభం లేదు. ఆ ఫైలు మీ ప్రోగ్రాములోకి ఎక్కించేటప్పుడు మీరు ఒక్కసారి కూడా అడగరు, ఇదేంటి సర్వే నంబరులో తేదీ ఉందేమిటని.

మా వైపు తప్పులు లేవనను. ఫోను నంబరు గడిలో తొమ్మిదులు పది కొడతారు. ఇంటిపేరు గడిలో చుక్క పెట్టి దాటేస్తారు. ఎందుకు కొడతారో ఎప్పుడైనా అడిగారా? మీరు ఎర్ర నక్షత్రం పెట్టి తప్పనిసరి అన్నారు. ఎదురుగా ఉన్న ముసలి రైతుకి ఫోనే లేదు, వెనక ట్రాక్టరు హారన్ కొడుతోంది. లేదు అని చెప్పడానికి మీరు దారి ఇవ్వలేదు కాబట్టి అబద్ధం కొట్టారు. రొయ్యల షెడ్లో కౌంట్ గడికి రెండంకెలే పెట్టారు. కిలోకి వంద తూగే రొయ్యని 100 అని కొడితే చివరి సున్నా పడదు. కౌంట్ 10 అవుతుంది, కిలోకి పది. అంత రొయ్య ఏ చెరువులో ఉందో చెబితే నేనే వెళ్ళి కొనుక్కుంటాను. అక్కడ కంప్యూటరుకి ఎర్రర్ అనేదే లేదు, పది కూడా అంకే కదా. ధాన్యం దగ్గర రకం నంబరు 1121 బస్తాల గడిలో పడడం కూడా ఇలాంటిదే. ఒక ట్రాక్టరు మీద 1,121 బస్తాలు ఎక్కవని మిల్లు జట్టు కూలీకి కూడా తెలుసు.

నేను అడిగేది పెద్ద కోరికేం కాదు. అంకె గడిలో అంకెలే పట్టించండి, కొట్టిన క్షణంలోనే. మామూలుకి మించిన అంకె పడితే ఆపొద్దు, "1,121 బస్తాలా, నిజమేనా?" అని ఒక్కమాట అడగండి. ఆధార్ నంబరులోనూ, జీఎస్టీ నంబరులోనూ చివరి అక్షరం సరిచూసుకోవడానికే పెట్టారు, దాన్ని వాడుకోండి. అయినా చెడ్డ ఎంట్రీ లోపలికి వచ్చేస్తే, ఆ ఒక్క వరసని ఎర్ర రంగులో చూపించి మిగతా 1,841 తెరవనివ్వండి. దాన్ని మొత్తంలో కలపకండి, సున్నా కూడా చెయ్యకండి, "ఒక ఎంట్రీ లెక్కలో కలవలేదు" అని కింద రాయండి. ఎర్రర్ పెట్టెలో మాత్రం తెలుగులో ఇలా ఉండాలి: ఎంట్రీ నంబరు ఇది, రైతు పేరు ఇది, బస్తాల గడిలో ఇది ఉంది, మొదటి అక్షరం అంకె కాదు. గుమాస్తాగారు నాకు ఫోను కూడా చెయ్యక్కర్లేదు. నా సర్వీసు చార్జీ పోతుంది, పోనివ్వండి.

ఒకటికీ ఎల్‌కీ, సున్నాకీ ఓకీ తేడా కొట్టొచ్చినట్టు కనబడే అక్షరాలు పెట్టమని గుమాస్తాగారు కూడా మీకు రాయమన్నారు. ఆయనకి యూఎస్‌బీ అంకెల మీటల పలక ఒకటి తెచ్చిచ్చాను. సాయంత్రం కొట్టు కట్టేటప్పుడు దాన్ని తువ్వాల్లో చుట్టి ఇంటికి పట్టుకెళ్ళిపోతున్నారు, ఎవరైనా తీస్తారని.

సార్వా, అదే ఖరీఫ్, కోతలు దగ్గరపడుతున్నాయి. కొత్త వెర్షన్ తయారవ్వకపోతే పాతదే పంపండి, ఎర్రర్ 13 ఇచ్చేదే. ఆ వాల్ మాత్రం తీసేసి పంపండి.

ఇట్లు,
పాలకొల్లు నుంచి మీ ప్రోగ్రాములు బాగుచేసుకునే ఒక సర్వీసు మనిషి